వేసవి విరామమున ట్రాక్టరు బ్యాటరీ సంరక్షణ

రోహిణి కార్తె వెడలి మృగశిర ప్రవేశించినది. రాత్రి మంచి వాన పడినది. తెల్లవారుసరికి నేల పదునుగా నున్నది. విత్తనము సిద్ధముగా నున్నది, ఎరువు సిద్ధముగా నున్నది, కూలీలు వచ్చి గట్టుపై నిలిచియున్నారు. రైతు ట్రాక్టరెక్కి తాళపుచెవి త్రిప్పగా, సెల్ఫు మోటారు వద్ద టక్కుమను చప్పుడు వచ్చినదేగాని ఇంజను కదలలేదు. రెండవమారు త్రిప్పగా ఆ చప్పుడును రాలేదు. పట్టణమునకు మనిషిని పంపి, మెకానిక్కును పిలిపించి, క్రొత్త బ్యాటరీ తెప్పించుసరికి ప్రొద్దు వాలినది. మరునాడు ఎండ కాసినది. చల్క నేలలలో పైపదును రెండు మూడు దినములకు మించి నిలువదు. ఆ రైతు పోగొట్టుకొన్నది ఒక బ్యాటరీ మాత్రమే కాదు, విత్తుటకు తగిన అదును కూడ.

ఇట్టి సంఘటన ప్రతి సంవత్సరము తొలకరిలో అనేక గ్రామములలో జరుగుచున్నది. రబీ పంట ఇంటికి చేరిన పిమ్మట ట్రాక్టరును చెట్టుక్రిందనో, రేకుల పాకలోనో నిలిపి, తొలకరి వరకు దానివంక చూడనివారు పెక్కుమంది కలరు. ఇనుముకు విశ్రాంతి వలన కలుగు కీడు స్వల్పము. కాని బ్యాటరీ ఇనుపముక్క కాదు. అది పని లేనపుడు సైతము లోలోపల కరుగుచుండు వస్తువు. పశువును పని లేదని మేత మాన్పించి కట్టివేయముగదా! బ్యాటరీ విషయము కూడ అట్టిదే. ఖాళీగా నున్న దినములలో దానికి మేత, అనగా చార్జి, తప్పక కావలయును. ఈ ఒక్క సంగతిని గ్రహించినచో తక్కిన జాగ్రత్తలన్నియు సులభముగా అర్థమగును.

బ్యాటరీ లోపల జరుగు పని

ట్రాక్టరులో వాడు సీసపు బ్యాటరీని 1859వ సంవత్సరమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. నాటినుండి నేటివరకు పెట్టె మారినది, పలకల తయారీ మారినది గాని మూలసూత్రము మారలేదు.

12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. వీనినే సెల్లులందురు. ఒక్కొక్క సెల్లు ఇంచుమించు 2.1 వోల్టుల ఒత్తిడి నిచ్చును. ప్రతి సెల్లులోను రెండు రకముల పలకలు ఒకదాని ప్రక్క ఒకటిగా అమర్చబడియుండును. ధన పలకపై సీసపు ఆక్సైడును, ఋణ పలకపై గుల్లగా నున్న సీసమును ఉండును. ఈ పలకలు నీరు కలిపిన గంధకామ్లములో మునిగియుండును.

బ్యాటరీనుండి విద్యుత్తు వెలువడునపుడు ఆమ్లములోని గంధక భాగము రెండు రకముల పలకలకును అంటుకొని, వానిపై సీసపు సల్ఫేటు అను తెల్లని పదార్థము ఏర్పడును. ఆమ్లము పలుచబడును. తిరిగి చార్జి చేసినపుడు ఆ సల్ఫేటు విడిపోయి ఆమ్లములో కలియును, ఆమ్లము చిక్కబడును. చార్జి వాడుక, చార్జి ఎక్కించుట అనగా ఇంతియే.

అపుడే ఏర్పడిన సల్ఫేటు మెత్తగా నుండును. చార్జి చేయగానే కరిగిపోవును. బ్యాటరీని చార్జి లేకుండ వారములు, మాసములు ఉంచినచో ఆ సల్ఫేటు గట్టి స్ఫటికములుగా పేరుకొనును. దుక్కి వేళలో మెత్తగానున్న బంకమట్టి ఎండలో పెళ్లగట్టుట మీకు తెలిసినదే. గట్టిపడిన సల్ఫేటు సామాన్యముగా చార్జికి కరుగదు. అది కప్పిన మేర పలక పనికిరానిదగును. అపుడు ఎంత చార్జి పెట్టినను బ్యాటరీ కొంచెము సేపటికే నీరసించును. వేసవిలో నిలిపిన ట్రాక్టరు తొలకరిలో కదలకపోవుటకు ముఖ్యకారణము ఇదియే.

చలిదేశముల భయము వేరు, మన భయము వేరు

కెనడా, అమెరికా దేశపు ఉత్తరభాగము వంటి చలిప్రాంతములలో ట్రెయిలరు బండ్లను, పొలపు యంత్రములను శీతకాలమంతయు కదల్పక నిలిపివేయుదురు. అచటివారు మంచు పడకమునుపే బ్యాటరీలను విప్పి, పూర్తిగా చార్జి చేసి, లోపల భద్రపరతురు. చార్జి లేని బ్యాటరీలోని ఆమ్లము పలుచనై ఇంచుమించు నీటివలె నుండుటచే, సున్నకు కొన్ని డిగ్రీలు దిగువనే గడ్డకట్టి పెట్టెను పగులగొట్టును. పూర్తి చార్జి గల బ్యాటరీలోని చిక్కని ఆమ్లము సున్నకు 50 డిగ్రీల దిగువన సైతము గడ్డకట్టదు.

మన తెలుగునాట ఆ భయము లేదు. ఆదిలాబాదు ప్రాంతమునను, పాడేరు మన్యమునను శీతకాలపు రాత్రులు 10 డిగ్రీలకు దిగిపోయినను బ్యాటరీ గడ్డకట్టునంత చలి కాదు. చలి ఉదయములలో ఇంజను నూనె చిక్కబడి, బ్యాటరీ బలము కొంత తగ్గి, సెల్ఫు బరువుగా తిరుగుట మాత్రము కలదు.

మనకు శత్రువు ఎండ. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల మే మాసమున ఉష్ణమానము 45 డిగ్రీల వరకు పోవుచుండును. వాడకపోయినను బ్యాటరీ తనంతట తాను చార్జిని కోల్పోవుచుండును. ఉష్ణమానము ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొలది ఈ నష్టము ఇంచుమించు రెట్టింపగును. 30 డిగ్రీల చల్లని గదిలో నున్న బ్యాటరీకన్న 40 డిగ్రీల రేకుల పాకలో నున్న బ్యాటరీ రెండింతల వేగముతో ఖాళీయగునని దీని అర్థము. ఇదిగాక వేడికి లోపలి నీరు ఆవిరియగును. పలకల సీసపు చట్రము త్వరగా తినివేయబడును.

చలిదేశపు రైతైనను, మన రైతైనను చేయవలసిన పని మాత్రము ఒక్కటియే. నిలువచేయుటకు ముందు నిండుగా చార్జి చేయవలెను. నిలువలో నున్నంత కాలము ఆ చార్జి తగ్గకుండ చూడవలెను.

కనబడని ఖర్చు

తాళపుచెవి తీసివేసినంతమాత్రమున బ్యాటరీనుండి విద్యుత్తు పోవుట ఆగదు. నేటి ట్రాక్టర్లలో గడియారము, పాటల పెట్టె, సెల్‌ఫోను చార్జరు మొదలగునవి అమర్చుచున్నారు. వీనిలో కొన్ని తాళము తీసిన పిమ్మట కూడ కొంచెము కొంచెముగా విద్యుత్తును త్రాగుచుండును.

ఒక లెక్క చూడుడు. ఇట్టి సామానులన్నియు కలిసి 25 మిల్లీ ఆంపియర్లు మాత్రమే తీసికొనుచున్నవనుకొందము. ఇది ఆంపియరులో నలుబదవ వంతు. రెండు మాసములకు 1,440 గంటలు. ఆ కాలములో పోవు విద్యుత్తు 36 ఆంపియర్ అవర్లు. ట్రాక్టరు బ్యాటరీ 75 ఆంపియర్ అవర్లదైనచో ఇంచుమించు సగము భాగము ఈ దొంగ ఖర్చుకే సరిపోయినది. దీనికి ఎండ వలన కలుగు నష్టము తోడైనచో మిగులునది ఎంతయో మీరే ఊహింపవచ్చును.

బ్యాటరీ పైభాగమున దుమ్ము, నూనె, ఆమ్లపు తడి పేరుకొనినను రెండు టెర్మినళ్ల నడుమ సన్నని దారి ఏర్పడి విద్యుత్తు కారిపోవును. కనుక శుభ్రత అందము కొరకు కాదు, పొదుపు కొరకు.

నిలువ చేయుటకు ముందు చేయవలసిన పనులు

చివరి దుక్కి గాని, ధాన్యపు తోలకము గాని ముగిసిన వారములోనే ఈ పనులు చేయుట మంచిది.

మొదట బ్యాటరీని విప్పవలెను. ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, చేతి ఉంగరము, గడియారము తీసివేయవలెను. ఎల్లప్పుడును ఋణ టెర్మినలు తీగను, అనగా ట్రాక్టరు శరీరమునకు బిగించిన ఎర్తు తీగను ముందుగా విప్పవలెను. తరువాతనే ధన టెర్మినలు తీగను విప్పవలెను. ఎర్తు తీగ ఉండగా ధన టెర్మినలును విప్పబోయి పానా ట్రాక్టరు ఇనుమునకు తగిలినచో పెద్ద నిప్పురవ్వ లేచి చేయి కాలును. బ్యాటరీ ప్రేలుటకును అవకాశము గలదు. తిరిగి బిగించునపుడు ఈ వరుసను తారుమారు చేయవలెను. ధన తీగ ముందు, ఎర్తు తీగ చివర. క్లాంపు బిగిసియున్నచో సుత్తితో కొట్టరాదు. నట్టు వదులుచేసి, మెల్లగా అటునిటు త్రిప్పి తీయవలెను.

రెండవది శుభ్రపరచుట. మూతలన్నియు గట్టిగా బిగించి, ఒక లీటరు నీటిలో రెండు మూడు చెంచాల వంటసోడా కలిపి, ఆ నీటిలో ముంచిన గుడ్డతో పైభాగమును, టెర్మినళ్లను తుడువవలెను. తెల్లని పొడియు, పచ్చని చిలుమును నురుగు క్రక్కుచు కరిగిపోవును. నురుగు ఆగిన పిమ్మట మంచినీటితో తుడిచి ఆరబెట్టవలెను. సోడా నీరు ఒక్క చుక్కయైనను సెల్లులోనికి పోరాదు. పోయినచో ఆమ్లపు బలము చెడును. మూతలలోని సన్నని గాలి రంధ్రములు మూసుకొనిపోయినచో వానిని నీటితో కడిగి తెరువవలెను.

మూడవది నీటి మట్టము. మూతలు తీసి ఒక్కొక్క సెల్లును చూడవలెను. పలకలపై 10 నుండి 15 మిల్లీమీటర్ల ఎత్తు వరకు ద్రవముండవలెను. పెట్టెపై గీతలున్నచో పై గీతను మించరాదు. తగ్గినచో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బోరు నీరు, బావి నీరు, కాలువ నీరు కంటికి ఎంత తేటగా నున్నను వానిలో సున్నము, ఉప్పు, ఇనుము కరిగియుండును. అవి పలకలను చెరుపును. కాచి చల్లార్చిన నీరు కూడ పనికిరాదు. కాచుటచే క్రిములు చచ్చునుగాని ఉప్పు పోదు.

తగ్గిన మట్టమునకు ఆమ్లము పోయు అలవాటు కొందరికి గలదు. అది పెద్ద తప్పు. ఆవిరియైనది నీరే గాని ఆమ్లము కాదు. ఆమ్లము చేర్చినకొలది ద్రవము అతిచిక్కనై పలకలను త్వరగా తినివేయును.

పలకలు బయటపడియున్నచో, అవి మునుగునంతవరకు మాత్రమే ముందుగా నీరు పోసి, చార్జి చేసి, తరువాత మట్టమును పూర్తిచేయవలెను. చార్జి సమయమున ద్రవము పొంగును గనుక ముందే నిండుగ పోసినచో ఆమ్లము పైకి పొర్లిపోవును.

పూర్తిగా మూసిన బ్యాటరీలకు నీరు పోయు పని లేదు. వాని మూతలను పగులగొట్టి తెరువ ప్రయత్నింపరాదు. అయినను చార్జి, శుభ్రత, నీడ అను మూడును వానికి కూడ సమానముగా అవసరము.

చార్జి చేయు విధము

చార్జి మెల్లగా చేయుట మేలు. బ్యాటరీపై ముద్రించిన ఆంపియర్ అవర్ల సంఖ్యలో పదవ వంతు ఆంపియర్లు చాలును. 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 7 లేక 7.5 ఆంపియర్లు, 88 ఆంపియర్ అవర్లదానికి 8 లేక 9 ఆంపియర్లు సరిపోవును. పట్టణములో చార్జికిచ్చినపుడు, తొందరలేదు, మెల్లగా చేయుడని స్పష్టముగా చెప్పవలెను. ఎక్కువ ఆంపియర్లతో ఒకటి రెండు గంటలలో ముగించు చార్జివలన పలకలు వేడెక్కి వంగును; వానిపై పదార్థము రాలి అడుగున చేరును.

ఇంటివద్ద చేయువారు, నిండిన పిమ్మట తనంతట తానే ఆగు చార్జరును కొనుట మంచిది. సాధారణపు చార్జరైనచో దగ్గరనుండి చూడవలెను. రాత్రి పెట్టి నిద్రపోరాదు. బ్యాటరీ గోడ చేతికి మిక్కిలి వేడిగా తోచినచో చార్జి ఆపి చల్లారనీయవలెను. చార్జి నిండినదని తెలిసికొనుటకు గుర్తు, ఆరు సెల్లులలోను బుడగలు సమానముగా లేచుట, గంటకొకమారు చూచిన హైడ్రోమీటరు అంకె మూడుమార్లు వరుసగా మారకుండుట.

హైడ్రోమీటరు వెల స్వల్పము, ఉపయోగము అధికము. రబ్బరు బుడ్డితో సెల్లులోని ద్రవమును పీల్చి, తేలుచున్న గాజు గొట్టముపై అంకె చదువవలెను. పూర్తి చార్జికి తగిన అంకె తయారీదారు ఇచ్చిన పుస్తకములో నుండును, సామాన్యముగా 1.240 నుండి 1.280 లోపల నుండును. ఆరు సెల్లుల అంకెలును దగ్గరదగ్గరగా నుండవలెను. ఒక్క సెల్లు మాత్రము తక్కినవానికన్న 0.050 తక్కువగా నున్నచో ఆ సెల్లు చెడుచున్నదని గ్రహింపవలెను. అట్టి బ్యాటరీని నమ్మి తొలకరి వరకు వేచియుండుట కన్న వేసవిలోనే మార్చుకొనుట లాభము.

నిలువ చేయు చోటు

చల్లగా, పొడిగా, గాలి ఆడు నీడ చోటును ఎన్నుకొనవలెను. మట్టిగోడల కొట్టము, పెంకుటింటి వసారా రేకుల పాకకన్న మేలు. పొయ్యి ఉన్న వంటయింటిలోను, దీపము వెలుగు దేవుని గదిలోను, పిల్లలు తిరుగు చోటను పెట్టరాదు. విత్తనపు బస్తాలకు, ప్రత్తికి, బట్టలకు దూరముగా నుంచవలెను. ఆమ్లపు చుక్క పడిన గోనె నాలుగు దినములలో చిల్లులు పడును. బ్యాటరీని నిటారుగానే ఉంచవలెను, ప్రక్కకు వాల్పరాదు. దానిపై పానాలు, ఇనుపముక్కలు పెట్టరాదు.

సిమెంటు నేలపై పెట్టినచో చార్జి దిగిపోవునను మాట మీరు వినియుందురు. పూర్వము కొయ్యతోను, తారు కలిపిన గట్టి రబ్బరుతోను పెట్టెలు చేయుచుండిన కాలమున ఆ మాటలో కొంత నిజముండెడిది. నేటి ప్లాస్టిక్ పెట్టెలనుండి నేలలోనికి విద్యుత్తు పోదు. అయినను చెక్కపై నుంచుట మంచి అలవాటే. అడుగున తడి చేరదు, కారిన ఆమ్లము నేలను చెరుపదు. కాని చెక్కపై పెట్టితిమిగదా యని నెలవారీ చార్జి మానరాదు.

బ్యాటరీని విప్పుటకు వీలు లేనివారు ట్రాక్టరును నీడన నిలిపి, కనీసము ఎర్తు తీగనైనను విప్పియుంచవలెను. దీనివలన దొంగ ఖర్చు ఆగును. తీగ కొనను గుడ్డతో చుట్టి, టెర్మినలుకు తగులకుండ ప్రక్కకు కట్టవలెను.

నెలకొకమారు పరీక్ష

వేసవిలో నెలకొకమారు తప్పక చూడవలెను. విద్యుత్ సామానుల అంగడిలో దొరకు చిన్న మల్టీమీటరు చాలును. చార్జి చేసిన వెంటనే చూచిన అంకె నమ్మదగినది కాదు. కొన్ని గంటలు ఊరకుంచి చూడవలెను. 12.6 వోల్టులు, లేక అంతకు మించియున్నచో బ్యాటరీ నిండుగా నున్నది. 12.4 ఉన్నచో ముప్పాతిక, 12.2 ఉన్నచో సగము, 12.0 ఉన్నచో పాతిక భాగము చార్జి మిగిలినదని స్థూలముగా తెలిసికొనవచ్చును. 12.4కు దిగగానే తిరిగి చార్జి చేయవలెను. 12కు దిగువకు పోవువరకు ఎన్నడును విడువరాదు. 12 వోల్టుల బ్యాటరీలో 12 వోల్టులున్నవిగదా యని మోసపోవువారు కలరు. ఆ అంకె కడుపు నిండినదానికి గుర్తు కాదు, ఆకలికి గుర్తు.

కొందరు వారమునకొకమారు ఇంజను తిప్పి, ఐదు నిముషములు ఉంచి ఆపుదురు. దానివలన లాభముకన్న నష్టమే అధికము. ఇంజనును లేపుటకు సెల్ఫు మోటారు పెద్ద మొత్తమున విద్యుత్తు తీసికొనును. మెల్లగా తిరుగు ఇంజను ఐదు నిముషములలో ఆ అప్పు తీర్చలేదు. ఇంజను తిప్పియే చార్జి చేయదలచినచో, పనిచేయు వేగముతో అరగంటకు తక్కువగాకుండ నడుపవలెను. ఆవిధముగా నడిపినను, ఖాళీయైన బ్యాటరీ నిండదు. దానికి చార్జరే శరణ్యము.

చేయరాని పనులు

ట్రాక్టరు బ్యాటరీని ఇంటిలో ఫ్యానులకు, దీపములకు, పెండ్లిండ్లలో మైకు సెట్లకు వాడుట కొన్ని చోట్ల కలదు. ఈ బ్యాటరీలోని పలకలు పలుచనివి, సంఖ్యలో ఎక్కువ. కొద్ది క్షణములు మిక్కుటమైన బలమిచ్చుటకు అవి ఏర్పడినవి. గంటల తరబడి కొంచెము కొంచెముగా ఇచ్చుటకు దళసరి పలకల ఇన్వర్టరు బ్యాటరీ వేరుగా నున్నది. పరుగుపందెపు ఎద్దును గానుగకు కట్టినట్లు ట్రాక్టరు బ్యాటరీని ఇంటి దీపములకు కట్టరాదు. కొన్నిమార్లు అడుగంట వాడినచో అది కోలుకొనదు.

బ్యాటరీ చచ్చినపుడు స్క్రూడ్రైవరుతో సెల్ఫు మోటారు కొనలను కలిపి ఇంజను లేపుట అన్నిటికన్న అపాయకరము. ఇట్లు చేయునపుడు తాళపుచెవి, క్లచ్చి రక్షణలు పనిచేయవు. ట్రాక్టరు గేరులో నున్నచో ఇంజను లేచినంతనే బండి కదలి, ప్రక్కన నిలిచినవానిపై పెద్దచక్రము పోవును. మీరుగాని, మీ డ్రైవరుగాని ఎట్టి తొందరలోను ఈ పని చేయరాదు. గట్టు వాలున దొర్లించి లేపుటయు, మనుషులచే త్రోయించుటయు ఇట్టి అపాయమునకే దారితీయును. వేసవిలో బ్యాటరీని చూచుకొన్న రైతుకు ఈ అవసరమే కలుగదు.

ప్రాణరక్షణ

చార్జి అగునపుడు బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును. అది రంగు, వాసన లేనిది. గాలిలో నూటికి 4 పాళ్లు చేరినంతనే నిప్పురవ్వకు ప్రేలును. కనుక చార్జి చేయు చోట బీడీ, చుట్ట, దీపము పనికిరావు. ద్రవపు మట్టము చూచుటకు అగ్గిపుల్ల గీయరాదు, టార్చిలైటు వాడవలెను. చార్జరు కొనలను బ్యాటరీకి తగిలించిన పిమ్మటనే కరెంటు మీట వేయవలెను. తీయునపుడు మీట ఆపిన పిమ్మటనే కొనలను తీయవలెను.

ఆమ్లము కంటిలో పడినచో వెంటనే ధారాళమైన మంచినీటితో కనీసము 15 నిముషములు కడిగి, ఆలస్యము చేయక వైద్యునివద్దకు పోవలెను. చర్మముపై పడినను నీటితో బాగుగా కడుగవలెను. బ్యాటరీ పని చేయునపుడు కండ్లద్దములు, రబ్బరు చేతితొడుగులు ధరించుట శ్రేయస్కరము. బిందెడు నీరు దగ్గర పెట్టుకొనియే పనికి పూనుకొనవలెను. పని ముగిసిన తరువాత, అన్నమునకు ముందు చేతులు సబ్బుతో కడుగుట మరువరాదు, సీసము విషము.

తిరిగి బిగించుట

రోహిణి కార్తె ఆరంభములోనే బ్యాటరీని చివరిమారుగా చార్జి చేసి ట్రాక్టరులో బిగించవలెను. వాన కొరకు వేచియుండరాదు. పెట్టె అడుగున ఇసుక, రాళ్లు లేకుండ తుడిచి, బ్యాటరీ కదలకుండ బిగింపుపట్టీ వేయవలెను. పొలపు కుదుపులకు వదులుగానున్న బ్యాటరీ పలకలు విరుగును. క్లాంపులను లోపల మెరయునట్లు గీకి, బిగించిన తరువాత పైన గ్రీజుగాని, వాజలైనుగాని పూయవలెను. ముందే పూసినచో సంబంధము సరిగా కుదురదు.

పిమ్మట మల్టీమీటరు కొనలను బ్యాటరీకి తగిలించి, మరియొకరిచే సెల్ఫు తిప్పించి అంకె చూడవలెను. నిండుగా చార్జియైన బ్యాటరీ, సెల్ఫు తిరుగుచున్నపుడు సైతము 9.6 వోల్టులకు దిగువకు పోరాదు. పోయినచో బ్యాటరీ ముసలిదైనదని తెలిసికొని, తొలకరికి ముందే క్రొత్తది చూచుకొనవలెను.

మందులు చల్లు బ్యాటరీ స్ప్రేయర్లను గూర్చి ఒక మాట. వానిలో సీసపు బ్యాటరీ ఉన్నచో పై సూత్రమే. నిండుగా చార్జి చేసి దాచి, అపుడపుడు తిరిగి చార్జి చేయవలెను. లిథియం బ్యాటరీ ఉన్నచో ఇంచుమించు సగము చార్జితో చల్లని చోట నుంచుట మేలు. ఏది యున్నదో పెట్టెపైని చీటీ చూచి తెలిసికొనవలెను.

పాత బ్యాటరీని పారవేయరాదు

పాడైన బ్యాటరీలోని ఆమ్లమును కాలువలోగాని, పొలముగట్టునగాని పారబోయరాదు. సీసము కొరకు ఇంటివద్ద పగులగొట్టి కరగించుట మిక్కిలి ప్రమాదకరము. ఆ పొగ, ఆ దుమ్ము ముఖ్యముగా చిన్నపిల్లల మెదడును దెబ్బతీయును. భారత ప్రభుత్వము 2022లో చేసిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము పాత బ్యాటరీలను సేకరించి తిరిగి వాడుకలోనికి తెచ్చు బాధ్యత తయారీదారులపై నున్నది. కనుక క్రొత్తది కొనునపుడు పాతదానిని దుకాణమునకే ఇచ్చి, దాని విలువను వెలలో తగ్గించుకొనుడు.

కార్తెల వారీగా గుర్తుంచుకొనవలసినవి

చివరి పని ముగిసిన వారములో: విప్పుట, తుడుచుట, నీరు పోయుట, నిండుగా చార్జి చేయుట, నీడన పెట్టుట.

భరణి కార్తెలో, అనగా ఏప్రిల్ చివర: వోల్టులు చూచుట, నీటిమట్టము చూచుట, 12.4 ఉన్నచో చార్జి చేయుట.

రోహిణి కార్తెలో, అనగా మే చివర: మరల పూర్తిగా చార్జి చేసి, ట్రాక్టరులో బిగించి, సెల్ఫు తిప్పి పరీక్షించుట. పనికిరానిచో అపుడే మార్చుట.

మృగశిరలో: వాన పడిన మరునాడు తాళపుచెవి త్రిప్పి పొలమునకు పోవుట.

వేసవి మొత్తముమీద ఈ పనులకు పట్టు కాలము మూడు నాలుగు పూటలు. అయ్యెడి ఖర్చు కొంత డిస్టిల్డ్ వాటరు, కొంత కరెంటు. చార్జరు, మల్టీమీటరు ఒకరు కొనలేనిచో నలుగురు రైతులు కలిసి కొని వంతులవారీగా వాడుకొనవచ్చును. వాన మన చేతిలోని పని కాదు. వాన పడిననాడు ఇంజను లేచునట్లు చూచుకొనుట మాత్రము మన చేతిలోని పనియే. ఈ సంవత్సరపు వేసవిలో మీ ట్రాక్టరును నిలుపుటకు ముందు బ్యాటరీ పెట్టె మూత ఒక్కమారు తెరచి చూడుడు.